మేతను బట్టి మేను: బూజు పెంచిన వస్తువులపై ఒక విమర్శ

పుట్టగొడుగు అను మాటను మనము ఆలోచింపక వాడుచుందుము. కాని ఆ మాటలో ఒక చక్కని పరిశీలన ఇమిడి యున్నది. తొలకరి వానలు కురిసిన తరువాత చెదల పుట్టపై తెల్లని గొడుగులు లేచుట కన్నులార చూచినవారే ఆ పేరు పెట్టియుందురు. ఆ గొడుగులలో కొన్ని పుట్టమీద దారి తప్పి మొలచినవి కావు. పుట్ట లోపల చెదలు వాని సాగు చేయుచున్నవి. ఎండుటాకులను, పుల్లలను తిని, సగము అరిగిన ఆ పదార్థముతో తేనెపట్టు వంటి దొంతరలు కట్టి, వానిమీద టెర్మిటోమైసిస్ అను శిలీంధ్రమును పెంచును. చెదలు స్వయముగా అరిగించుకొనలేని పీచును ఆ శిలీంధ్రము అరిగించి పెట్టును. తరువాత చెదలు ఆ దొంతరలనే ఆహారముగా తినును. ఏ మేత వేసిన బూజు ఎట్లు పెరుగునో ఆ పురుగులకు మనకంటె ఎంతో ముందుగా వంటబట్టినది.

ఇప్పుడు మనుష్యులు ఇదే పనికి పూనుకొనిరి. వారికి కావలసినది ఆహారము కాదు, వస్తువు. థర్మోకోలు వలె తేలికగా నుండు దిమ్మలు, తోలు వలె వంగు పొరలు, గోడకు తగిలించు పలకలు మున్నగువానిని బూజుచేత పెంచి తీయవలెనని ప్రయత్నము. ఈ ప్రయత్నములలో ఒక వాదము తరచుగా వినబడుచున్నది. బూజుకు పెట్టు మేతను మార్చినచో అది నిర్మించు పదార్థపు గుణములు మనము కోరినట్లు మారునని ఆ వాదము. విద్యార్థులకు చెప్పుటకు ఇంతకంటె ఆకర్షణీయమైన విషయము దొరకదు. అందుచేతనే అది ఎంతవరకు నిజమో చూచి మరి చెప్పవలసి యున్నది.

ఈ వాదమునకు ఆధారముగా ఎక్కువగా పేర్కొనబడు పరిశోధనలలో ఒకటి ఇటలీ దేశమందలి జెనోవా నగరములో జరిగినది. అక్కడి ఇటలీ సాంకేతిక సంస్థకు చెందిన ముహమ్మద్ హనీఫ్, అథనాసియా అథనాసియు మున్నగువారు దానిని 2017 జనవరిలో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' అను పత్రికలో ప్రకటించిరి. శిలీంధ్ర తంతుజాలమునుండి మేలైన పదార్థములను తయారు చేయుట, వాని భౌతిక ధర్మములను 'శ్రుతి చేయుట' ఆ వ్యాసపు విషయమని శీర్షికయే చెప్పుచున్నది. ఆ వ్యాసమును ముందుంచుకొని, అది ఏమి నిరూపించినది, ఏమి నిరూపింపలేదు, దానిని చెప్పుకొనువారు ఎక్కడ హద్దు దాటుచున్నారు అను విషయములను ఇక్కడ విచారింతము.

బూజు ఎట్లు తినును?

విమర్శకు ముందు కొంత ప్రాథమిక జ్ఞానము అవసరము. మనము కూరగా వండుకొను గొడుగు ఆ జీవి యొక్క ఫలము వంటిది మాత్రమే. అసలు శరీరము నేలలోనో, గడ్డిలోనో, కుళ్ళిన కర్రలోనో వ్యాపించి యుండు సన్నని దారముల అల్లిక. ఒక్కొక్క దారమును తంతువు అనియు, మొత్తము అల్లికను తంతుజాలము అనియు అందము. ఈ తంతువుల వెడల్పు సాధారణముగా మిల్లీమీటరులో వేయవ వంతులు కొన్ని మాత్రమే, అనగా 2 మొదలు 10 మైక్రానుల వరకు. తంతువు దాని కొన వద్ద మాత్రమే సాగును. కొన సాగుచు, నడుమ కొమ్మలు వేయుచు, కొమ్మలు ఒకదానితో నొకటి కలిసికొనుచు వల తయారగును.

మనము ఆహారమును కడుపులోనికి తీసికొని అరిగించుకొందుము. బూజు తన కడుపును బయట పెట్టుకొన్నది. తంతువుల కొనలనుండి ఎంజైములు వెలువడి, ఎదుటనున్న పిండిని, పీచును, మాంసకృత్తులను చిన్న అణువులుగా విడగొట్టును. ఆ ద్రావణమును తంతువు పీల్చుకొనును. గ్లూకోజు వంటి చక్కెర సిద్ధముగా దొరికినచో విడగొట్టు శ్రమ లేదు. పీచులోని సెల్యులోజు మాత్రమే దొరికినచో దానిని ముక్కలు చేయు ఎంజైములను ముందు తయారు చేసికొనవలెను. సులభమైన చక్కెర ఎదుట నున్నంతసేపు సెల్యులోజును విడగొట్టు ఎంజైముల ఉత్పత్తిని అనేక శిలీంధ్రములు తగ్గించుకొనును. వడ్డించిన విస్తరి ముందుండగా పొయ్యి రాజేయు వారెవరు?

పీల్చుకొన్న ఆహారముతో తంతువు తన గోడను కట్టుకొనును. ఆ గోడలో గ్లూకానులు అను చక్కెర గొలుసులు, మాంసకృత్తులు, కైటిన్ ఉండును. రొయ్య పొట్టును, పురుగు పెంకును గట్టిపరచునది కూడ ఈ కైటిన్ జాతి పదార్థమే. ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఆన్రీ బ్రాకొనో 1811 లో పుట్టగొడుగులనుండి దీనిని మొదట వేరు చేసెను. పురుగుల పెంకునుండి వేరు చేసి కైటిన్ అను పేరు పెట్టుట తరువాత 1823 లో జరిగినది. కైటిన్ గొలుసులు గోడకు బిగువు నిచ్చును. కణములోని కొవ్వులు, మాంసకృత్తులు గొలుసుల నడుమ చేరి వానిని కొంత జారనిచ్చును, కనుక పదార్థము మెత్తబడును. ఈ రెండు వాక్యములు గుర్తుంచుకొనవలెను. జెనోవా వాదమంతయు వీనిమీద నిలిచియున్నది.

వల అల్లుకొనుటవలన విడివిడి ముక్కలు ఒక్క దిమ్మగా అతుకుకొనును. జావా ద్వీపవాసులు ఉడికించిన సోయా గింజలపై రైజోపస్ అను బూజును పెంచి చేయు టెంపే అను వంటకము దీనికి పాత ఉదాహరణము. ఒకటి రెండు దినములలో గింజలన్నియు తెల్లని దూదిలో చిక్కుకొని, కత్తితో ముక్కలు కోయదగిన అచ్చుగా మారును. గింజలకు బదులు ఊక, గడ్డి, జొన్న చొప్ప ముక్కలు వేసి, తినుటకు బదులు ఎండబెట్టినచో అది వస్తువగును. వేడిచేసి ఎండబెట్టుటతో బూజు చచ్చును, పెరుగుట ఆగిపోవును, వల మాత్రము మిగులును.

జెనోవా వారు చేసిన పని

ఆ పరిశోధకులు రెండు శిలీంధ్రములను ఎన్నుకొనిరి. ఒకటి గానోడెర్మా లూసిడమ్. కోనసీమ కొబ్బరి రైతులకు గానోడెర్మా అనునది ఒక తెగులు పేరుగా బాగుగా తెలియును. కొబ్బరి మొదలును కుళ్ళబెట్టు ఆ తెగులునకు మూలము ఈ ప్రజాతియే. రెండవది ప్లూరోటస్ ఆస్ట్రియేటస్. మన ఊళ్ళలో వరిగడ్డిపై పెంచి అమ్ము ముత్యపు చిప్ప పుట్టగొడుగుల కుటుంబము దానిది.

ఈ రెంటికి రెండు విధములైన మేతను పెట్టిరి. మొదటిది శుద్ధమైన సెల్యులోజు. రెండవది సెల్యులోజుతో బంగాళాదుంపల కషాయము, డెక్స్ట్రోజు చక్కెర కలిపినది. జీవశాస్త్ర ప్రయోగశాలలో బూజులను పెంచుటకు ఈ బంగాళాదుంప కషాయము చిరకాలముగా వాడుకలో నున్నదే. మేతపై తంతుజాలము పలుచని పొరగా పెరిగిన తరువాత దానిని ఎండబెట్టి, సూక్ష్మదర్శినులతో చూచి, పరారుణ కిరణములతో రసాయన కూర్పును పరీక్షించి, వేడికి ఎట్లు తట్టుకొనునో కొలిచి, రెండు వైపుల లాగి సాగుదలను, బిగువును లెక్కించిరి.

ఫలితము ఇది. శుద్ధ సెల్యులోజుపై పెరిగిన పొరలు బిగువుగా నుండెను. చక్కెర కషాయము కలిపిన మేతపై పెరిగినవి మెత్తనై, తెగుటకు ముందు ఎక్కువ సాగెను. రెండు శిలీంధ్రములయందును మార్పు ఒకే దిశలో జరిగెను. పొరలన్నియు నీటిని అంటనీయక బొట్లుగా నిలిపెను. పరారుణ పరీక్షలో చక్కెర మేత తిన్న పొరలందు కొవ్వులు, మాంసకృత్తుల పాలు ఎక్కువగాను, కష్టమైన మేత తిన్నవానియందు కైటిన్ పాలు ఎక్కువగాను కనబడెను. సులభాహారము తిన్నది మెత్తబడినది, గట్టి ఆహారముతో కుస్తీ పట్టినది బిగుసుకొన్నది అని సారాంశము.

ఈ పరిశోధనలోని గుణములను ముందుగా ఒప్పుకొనవలెను. ప్రశ్న స్పష్టముగా నున్నది. ఒక్క శిలీంధ్రముతో తృప్తిపడక రెంటిని తీసికొనిరి. రెంటిలోను ఫలితము ఒకే వైపు మొగ్గుటచేత అది కాకతాళీయమను అనుమానము చాలవరకు తగ్గినది. యంత్రములతో నొక్కక, జిగురు కలుపక, జీవి తనంత తాను అల్లిన పొరనే పరీక్షించిరి. బలము ఎంత అని కొలిచి ఊరకొనక, ఆ బలము ఎక్కడనుండి వచ్చినదో రసాయన కూర్పులో వెదకిరి. కొలత, కారణము రెండును ఒకేచోట చూపు వ్యాసములు ఈ రంగములో తొలినాళ్ళలో తక్కువ. ఇట్టి మార్గము చూపినందుకు వారిని అభినందింపవలసినదే.

ఇక ఆక్షేపణలు.

శ్రుతి అను మాట

మొదటి ఆక్షేపణ శీర్షికలోని మాటపైననే. వీణను శ్రుతి చేయువాడు బిరడను కొంచెము త్రిప్పినచో స్వరము కొంచెము పెరుగును, మరికొంత త్రిప్పినచో మరికొంత పెరుగును. ఎంత త్రిప్పిన ఎంత పెరుగునో వానికి తెలియును, వెనుకకు త్రిప్పినచో స్వరము వెనుకకు వచ్చును. శ్రుతి చేయుట యనిన ఇట్టి అధికారము చేతిలో నుండుట. జెనోవా ప్రయోగములో మేతలు రెండే. చక్కెర పాలును కొంచెము కొంచెముగా పెంచుచు పోయినచో మెత్తదనము సమముగా పెరుగునా, ఒకచోట హఠాత్తుగా మారునా, కొంత దూరము పోయి ఆగునా అను విషయమును రెండు బిందువులు చెప్పజాలవు. రెండు బిందువుల గుండ ఒక సరళరేఖను గీయవచ్చును, వేయి వక్రరేఖలను కూడ గీయవచ్చును. ఈ సంగతి పదవ తరగతి విద్యార్థి తన రేఖాగణితములోనే నేర్చుకొన్నాడు. వారు రెండు మెట్లను చూపిరి. బిరడ ఉన్నదో లేదో ఈ రెండు మెట్లనుబట్టి తేలదు.

ఇంకొక సంగతి. రెండు మేతల నడుమ ఉన్న భేదమువలెనే రెండు శిలీంధ్రముల నడుమను భేదము కనబడెను. ముత్యపు చిప్ప జాతి పొరలు గానోడెర్మా పొరలకంటె బిగువైనవి. అనగా మేతను ఎన్నుకొనుటకు ముందే జాతిని ఎన్నుకొనుటతో చాలవరకు నిర్ణయము జరిగిపోవును. మేత చేయు మార్పు ఆ జాతి ఒప్పుకొను హద్దులలో జరుగును. వేపవిత్తుకు చెరకురసము పోసినను మామిడి మొలవదు కదా!

ఒక్క మేతలో పది వస్తువులు

రెండవ ఆక్షేపణ ప్రయోగమార్గమునకు సంబంధించినది. ఒక కారణమును పరీక్షింపదలచినచో తక్కిన వన్నియు మార్పు లేక ఉంచి, ఆ ఒక్క దానినే మార్చవలెనని ఉపాధ్యాయులు బోధింతురు. బంగాళాదుంప కషాయము ఒక్క వస్తువు కాదు. అందు చక్కెర ఉన్నది, పిండి ఉన్నది, నత్రజని పదార్థములు, ఖనిజ లవణములు, విటమినులు ఉన్నవి. దానిని కలిపినప్పుడు ఇవన్నియు ఒక్కసారిగా చేరినవి. పొర మెత్తబడుటకు చక్కెర కారణమా, తక్కినవానిలో ఏదైనను కారణమా అను ప్రశ్నకు ఈ ప్రయోగము సమాధానము చెప్పదు.

ఇది ఊరక తప్పుపట్టుట కాదు. కైటిన్ అణువులో నత్రజని ఉన్నది. శుద్ధమైన సెల్యులోజులో నత్రజని లేదు. అట్లయినను కైటిన్ పాలు ఎక్కువగా కనబడినది సెల్యులోజు మేత తిన్న పొరలోనే. మరి ఆ నత్రజని నాటిన ముక్క తనతో తెచ్చుకొన్న నిలువనుండియో, మరొక చోటనుండియో రావలెను. అందుచేత 'కైటిన్ ఎక్కువ' అనినప్పుడు అది మొత్తపు తూకములో ఎక్కువా, కొవ్వులు, మాంసకృత్తులు తగ్గుటచేత పాలులో ఎక్కువగా కనబడుచున్నదా అని అడుగవలెను. పరారుణ వర్ణపటము ఏ బంధములు వేనికంటె ఎక్కువగా నున్నవో చక్కగా చెప్పును. ఒక పొరలో ఎన్ని మిల్లీగ్రాముల కైటిన్ ఉన్నదో చెప్పుటకు వేరు పరీక్ష కావలెను. చక్కెరను మాత్రమే కలిపినది ఒకటి, నత్రజనిని మాత్రమే కలిపినది ఒకటి, రెండును కలిపినది ఒకటి అని నాలుగైదు మేతలతో ఇదే ప్రయోగము చేసినచో దాని విలువ ఎన్నో రెట్లు పెరిగియుండెడిది.

గట్టిదనమా, దట్టదనమా?

మూడవ ఆక్షేపణ అన్నిటికంటె ముఖ్యమైనది. అది మరొక పరిశోధననుండి పుట్టినది. నెదర్లాండ్సు దేశమందు ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయపు ఫ్రీక్ ఆపెల్స్, హాన్ వోస్టెన్ మున్నగువారు 2018 లో అదే పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. వారు ఎన్నుకొన్నది స్కిజోఫిలమ్ కమ్యూన్ అను శిలీంధ్రము. ఎండిన కొమ్మలపై చిన్న విసనకఱ్ఱల వలె మొలచు ఈ పుట్టగొడుగు మన దేశమందును సామాన్యముగా కనబడును. తంతువుల పైభాగమును నీరు అంటనీయక కాపాడు హైడ్రోఫోబిన్ అను మాంసకృత్తు ఒకటి దానికి కలదు. ఆ మాంసకృత్తును చేయు జన్యువును తీసివేసి, వెలుతురును, గాలిలోని బొగ్గుపులుసు వాయువును మార్చుచు తంతుజాలమును పెంచి చూచిరి.

జన్యువు తీసివేసిన రకపు పొరలు మిక్కిలి బిగువుగా నుండెను. కారణము వెదకగా ఆ పొరలు ఎక్కువ దట్టముగా నున్నట్లు తేలెను. అంతే స్థలములో ఎక్కువ పదార్థము కూరుకొనియున్నది, నడుమ గాలి తక్కువ. పదార్థపు గుణములు మారుటకు సాంద్రత ప్రధాన కారణమని వారు నిర్ణయించిరి.

దీని అర్థము విద్యార్థులకు ఒక ఉదాహరణముతో చెప్పవచ్చును. వదులుగా నేసిన గోనెగుడ్డను, అదే జనుప దారముతో దట్టముగా నేసిన పట్టాను ఒకే వెడల్పున కత్తిరించి లాగినచో పట్టా గట్టిగా నుండును. అంతమాత్రముచేత పట్టాలోని దారము మేలుజాతి దారమని చెప్పుటకు వీలు లేదు. బిగువును లెక్కించునప్పుడు లాగిన బలమును అడ్డుకోత వైశాల్యముచేత భాగింతుము. ఆ వైశాల్యములో దారము ఎంత, ఖాళీ ఎంత అను లెక్క వేరుగా వేయవలెను.

ఇప్పుడు జెనోవా ఫలితమునకు మరలి వత్తము. మేత మారినప్పుడు తంతువు గోడ యొక్క కూర్పు మారెనా, తంతువులు అల్లుకొన్న దట్టదనము మారెనా, లేక రెండును మారెనా? జెనోవా వారి వివరణ మొదటిదానివైపు మొగ్గుచున్నది. ఉట్రెక్ట్ వారి పని రెండవదానిని మరువవలదని హెచ్చరించుచున్నది. ఈ రెండు వ్యాసములను ప్రక్క ప్రక్కన పెట్టి చదివినవారికి ఒక సంగతి స్పష్టమగును. మేత ఒక సాధనము. గాలి, వెలుతురు, జాతి, జన్యువు తక్కిన సాధనములు. ఒకటి మారినప్పుడు మరొకటి కదలును. వీనిలో మేతను మాత్రమే పేర్కొని 'తినిపించినదానిని బట్టి వస్తువు' అని చెప్పుట కథలో ఒక్క పాత్రను మాత్రమే చెప్పుట వంటిది.

గోపురము, తోలు

ప్రయోగశాల మాట బజారులోనికి వచ్చునప్పటికి ఇంకను పెద్దదగును. 2014 వేసవిలో న్యూయార్కు నగరమందు ఆధునిక కళాప్రదర్శనశాలకు చెందిన పి.ఎస్.1 ఆవరణములో డేవిడ్ బెంజమిన్ అను వాస్తుశిల్పి 'హై-ఫై' అను పేరుతో ఒక గోపురమును నిలిపెను. దాని ఎత్తు సుమారు 12 మీటర్లు. సుమారు 10,000 ఇటుకలు దానికి పట్టినవి. మొక్కజొన్న చొప్ప తుంటలను బూజుచేత అతికించి ఆ ఇటుకలను పెంచినది ఎకోవేటివ్ అను సంస్థ. ఎబెన్ బేయర్, గావిన్ మెకింటైర్ అను ఇద్దరు 2007 లో దానిని స్థాపించిరి. వేసవి ముగియగానే గోపురమును విప్పి ఇటుకలను ఎరువుగా మార్చిరి. కట్టడము ముగింపును కూడ ముందే ఆలోచించి కట్టిన వానిలో అది ఒక అందమైన ప్రయత్నము. ఒక శిల్పముగా నేను దానిని మెచ్చుకొందును.

కాని దానిని చూపి 'ఇక ఇండ్లు కూడ బూజుతో పెంచవచ్చును' అనువారికి ఒక చిన్న లెక్క చూపవలెను. ఒత్తిడి పెట్టక పెంచిన ఇటువంటి దిమ్మల నలుగుడు బలము సాధారణముగా చదరపు మిల్లీమీటరుకు 1 న్యూటనుకు లోపుగా నుండును. మన భారతీయ ప్రమాణములలో కాల్చిన మట్టి ఇటుకకు ఉన్న కనిష్ఠ తరగతియే 3.5 న్యూటనులు. లెక్క కొరకు బూజు ఇటుక బలము 0.2 న్యూటను, బరువు ఘనమీటరుకు 100 కిలోలు అని అనుకొందము. దానిని ఒకదానిపై నొకటి పేర్చుచు పోయినచో అడుగు ఇటుక పై బరువుకు నలిగిపోవుటకు సుమారు 204 మీటర్ల ఎత్తు కావలెను. మట్టి ఇటుక బలము 3.5 న్యూటనులు, బరువు 1,800 కిలోలు అనుకొన్నచో దానికి వచ్చు ఎత్తు సుమారు 198 మీటర్లు. రెండును దాదాపు సమానమే!

ఆశ్చర్యముగా నున్నను ఇందు మాయ లేదు. బూజు ఇటుక బలహీనమైనది, కాని అంతకు తగినట్లు తేలికైనది. తన బరువును తాను మోయుటలో అది మట్టి ఇటుకకు తీసిపోదు. ఇతరుల బరువును మోయవలసి వచ్చినప్పుడు, అనగా పైకప్పును, మేడను, మనుష్యులను మోయునప్పుడు, ఆ రెంటికి 17.5 రెట్ల భేదము బయటపడును. గోపురము పైన ఏ బరువును లేదు. కనుక దాని ఎత్తు బరువు మోయు శక్తికి సాక్ష్యము కాజాలదు. అంత తేలికైన కట్టడమునకు అసలు శత్రువు గాలి.

తోలు విషయము మరొక విధముగా ముగిసినది. బోల్ట్ థ్రెడ్స్ అను అమెరికా సంస్థ తంతుజాలముతో చేసిన 'మైలో' అను తోలువంటి పదార్థమును 2018 లో లోకమునకు చూపెను. 2020 లో అడిడాస్, కెరింగ్, లులులెమన్, స్టెల్లా మెకార్ట్నీ సంస్థలు దానితో చేతులు కలిపినవి. అయినను 2023 లో ధనాభావముచేత ఆ సంస్థ మైలో తయారీని నిలిపివేసెను. దీనిని శాస్త్రపు ఓటమి యనుట అన్యాయము. పొరను ఎండబెట్టిన తరువాత దానిని పదును చేయవలెను, రంగు వేయవలెను, రాపిడికి నిలుచు పూత పూయవలెను, వేలాది గజములు ఒకే నాణ్యముతో రావలెను. బూజు తన పని ముగించిన తరువాతనే ఈ పనులన్నియు మొదలగును. పత్రికలు బూజు పనిని వర్ణించి, తక్కిన పనిని విడిచిపెట్టినవి.

మరి ఏ పనికి ఈ పదార్థము నిజముగా తగును? గాజు సామానులను, యంత్రములను పెట్టెలలో కదలక కాపాడు దిమ్మలకు తగును. శబ్దమును, వేడిని ఆపు పలకలకు తగును. ఆ పనులలో తేలికదనమే గుణము, గొప్ప బలము అక్కరలేదు. వాడుక ముగిసిన తరువాత పెరటిలో పాతిపెట్టినచో మన్నులో కలిసిపోవును. అలంకారమునకు వాడు థర్మోకోలును మన దేశములో 2022 జూలై 1 నుండి నిషేధించిరి. పంట కోసిన తరువాత గడ్డిని పొలములోనే తగులబెట్టుట ఇంకను ఒక సమస్యగానే యున్నది. ఈ రెంటి నడుమ బూజుకు గౌరవప్రదమైన ఉద్యోగము కలదు. దానికి లేని బిరుదులు కట్టబెట్టుటవలన ఆ ఉద్యోగమునకు కూడ చేటు కలుగును.

పాఠశాలలో చేయదగిన పరీక్ష

ఉపాధ్యాయులు ఈ విషయమును బల్లపై వ్రాసి చెప్పుటకంటె చిన్న ప్రయోగముతో చూపుట మేలు. ముత్యపు చిప్ప పుట్టగొడుగుల విత్తనము పెంపకందారులవద్ద దొరకును. వరిగడ్డిని చిన్న ముక్కలుగా కోసి, నానబెట్టి, వేడినీటిలో ఉడికించి, నీరు వార్చి ఆరనీయవలెను. ఆరు గాజు సీసాలు తీసికొని, మూటిలో గడ్డిని మాత్రమే, మూటిలో గడ్డితో ఎండు తూకములో నూటికి 5 పాళ్ళ తవుడు కలిపి నింపి, అన్నిటిలో ఒకే కొలత విత్తనము వేసి, మూతికి దూది బిగించి, నీడన ఉంచవలెను. తవుడు కూడ ముందుగా గడ్డితోపాటు వేడిచేయబడవలెను. తెల్లని వల సీసా అంతట వ్యాపించుటకు ఎన్ని దినములు పట్టినదో ప్రతిదినము వ్రాసికొనవలెను. గొడుగులు మొలవకముందే దిమ్మలను తీసి, ఉపాధ్యాయుని పర్యవేక్షణలో వేడిచేసి ఎండబెట్టవలెను. ఆ గొడుగులనుండి రాలు బీజములు కొందరికి దగ్గు, ఆయాసము కలిగించును.

ఎండిన దిమ్మల బరువును, ఘనపరిమాణమును కొలిచి సాంద్రతను లెక్కింపవలెను. తరువాత పలక పెట్టి తూకపు రాళ్ళు ఒక్కొక్కటిగా పేర్చుచు ఎంత బరువుకు ఎంత క్రుంగినదో కొలువవలెను. బలమును సాంద్రతతో పోల్చి చూచిననే మూడవ ఆక్షేపణ విద్యార్థికి చేతికందును. రెండు జాతుల సీసాలలో మూడేసి ఎందుకు పెట్టితిమో కూడ వారిచేతనే చెప్పింపవలెను.

ఈ ప్రయోగములో మరొక పాఠము దానంతట అదే దొరకవచ్చును. తవుడు వేసిన సీసాలలో ఆకుపచ్చని బూజు తగులుట ఎక్కువ. మేత బలమైన కొలది పిలువని చుట్టములు కూడ వత్తురు. ఉప్పు, నూనె తగ్గిన ఆవకాయ జాడీ సంగతి మన ఇండ్లలో పెద్దలకు తెలిసినదే. పరిశ్రమలో ఈ చుట్టములను రానీయకుండుటకు మేతనంతయు ఆవిరితో శుద్ధి చేయవలెను, దానికి ఇంధనము ఖర్చగును. మేతతో వస్తువును దిద్దుట అను విద్యలో ఈ ఖర్చును కలుపక లెక్క చెప్పినచో అది సగము లెక్క. పచ్చగానో నల్లగానో మారిన సీసాను విద్యార్థులు మూత తీయరాదు. ఉపాధ్యాయులే దానిని మూతతోనే మరగించి పారవేయవలెను.

ముగింపు

జెనోవా వ్యాసము చూపినది ఒక నిజము. మేత మారినచో బూజు అల్లిన పొర గుణము మారును, ఆ మార్పు రెండు జాతులలో ఒకే దిశలో జరుగును. దానికి మించి వ్యాసమును చెప్పుకొనువారు చేర్చినవి మూడు. రెండు మెట్లను బిరడ యనిరి. కషాయమును ఒక్క వస్తువనుకొనిరి. దట్టదనమును లెక్కలోనికి తేలేదు. ఈ మూటిని సవరించుకొన్నచో మిగులునది చిన్నదైనను గట్టిది. దానిపై రాబోవు పరిశోధకులు నిలిచి పని చేయవచ్చును.

తరగతిలో ఎవరైనను విద్యార్థి లేచి, 'బూజుకు ఏది తినిపించిన అదే వస్తువగునట కదా!' అని అడిగినచో, ఉపాధ్యాయుడు అతనిని నిరుత్సాహపరచరాదు. 'ఎన్ని మేతలతో చూచిరి? తక్కినవి మార్పు లేక ఉంచిరా? తూచిరా?' అని మూడు ప్రశ్నలు తిరిగి అడిగిన చాలును. ఆ తరువాత వానకాలములో ఒక పుట్ట దగ్గరకు తీసికొనిపోయి, ఆ గొడుగుల క్రింద జరుగుచున్న సాగును గూర్చి చెప్పవలెను. అక్కడ మేతతోపాటు తేమను, గాలిని, వేడిని కూడ చెదలు కనిపెట్టుచునే యున్నవి.